టేపక్క బాగానే ఉంది

మెడలోంచి టేపు తియ్యదు కాబట్టి ఆవిణ్ణి అందరూ టేపక్క అంటారు. అసలు పేరుతో పిలిచేది ఆస్పత్రివాళ్ళొక్కరే, అదీ ఏడాదికోసారి.

వీధిలో మూడో గది ఆవిడ దుకాణం. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం, అద్దానికి అడ్డంగా ఒక తెర. అంతకుమించి అందులో ఏమీ పట్టదు. బయట బోర్డు మీద ఆడవాళ్ళ బట్టలు కుట్టబడును అని ఉంటుంది గానీ లోపల జరిగే అసలు పని వేరు. రొమ్ము క్యాన్సరొచ్చి ఆపరేషన్‌లో ఒకవైపు తీసేయించుకున్నవాళ్ళకి, ఆ ఖాళీలో పెట్టుకునే మెత్తలు కుడుతుంది. పైన పల్చని నూలుబట్ట, లోపల దూది, దూది మధ్య బరువు కోసం సన్నని గాజుపూసలు. బరువు లేకపోతే ఆ వైపు భుజం పైకి లేచి మనిషి వంకరగా నడుస్తుంది. ఈ సంగతి ఆవిడకి ఎవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడకే ఎడమవైపు తీసేశారు. కొని తెచ్చుకున్న మెత్త చెమటకి అట్టలా తయారవుతుంటే ఒళ్ళు మండి, తనే ఒకటి కుట్టుకుంది. అది చూసి ఆస్పత్రి నర్సు ఒకావిణ్ణి పంపింది. ఆవిడ ఇంకో ఇద్దర్ని పంపింది.

పని దగ్గర టేపక్కది రాక్షస పట్టుదల. ఎడమవైపు మెత్త కుడితే ముందు తన ఒంటి మీదే పెట్టుకుని చూస్తుంది. వంగుతుంది, చెయ్యెత్తుతుంది, గుమ్మం మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది. కాస్త జారిందా, కుట్లు విప్పేసి మళ్ళీ మొదలు. మెత్త గుండ్రంగా ఉండదు, చంకవైపుకి సన్నగా సాగి ఉంటుంది. అందుకని ఎడమది కుడికి పనికిరాదు. కాగితం నమూనా మాత్రం ఒక్కటే, అదీ తన కొలతలతో కత్తిరించిన ఎడమది. కుడివైపు వాళ్ళకైతే ఆ కాగితాన్ని తిరగేసి గుడ్డ కోస్తుంది, కుట్టాక అద్దం ముందు పట్టుకుని సరిచూసుకుంటుంది. ఇన్నేళ్ళలో తిరగెయ్యడం మరిచిపోయిన రోజు లేదు.

వచ్చేవాళ్ళకి కావలసింది మెత్త ఒక్కటే అయితే బాగుండేది. వాళ్ళకి తొమ్మిదేళ్ళు బతికిన మనిషిని కళ్ళారా చూసుకోవాలని ఉంటుంది. చెయ్యి పట్టుకుంటారు, జుట్టు మళ్ళీ ఇంత ఒత్తుగా వచ్చిందా అని ముట్టుకుని మరీ చూస్తారు. టేపక్క నవ్వుతుంది. నన్ను చూడండి, గుండ్రాయిలా లేనూ అంటుంది. ఒకవైపు బరువు తగ్గింది గనక నడక జోరు పెరిగిందని జోకు వేస్తుంది. ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళతారు. భర్త బడి బస్సు డ్రైవరు. ఆయనకైతే భార్య గురించి చెప్పడమే పెద్ద పని. బస్సెక్కే పిల్లల తల్లులకీ, టైర్లకి గాలి కొట్టేవాడికీ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మా ఆవిడ సింహం అని చెప్పుకుంటాడు.

మీరూ అబ్బ, ఎంత ధైర్యం అనుకుంటున్నారు కదా? అందరూ అదే అనుకున్నారు. అదే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

పొద్దున్నే మెలకువ వచ్చాక మంచం అంచున కూచుంటుంది. కాళ్ళు నేల మీద ఆనించే ఉంటాయి, లేవడానికి మాత్రం మనసు రాదు. స్నానానికి పెట్టుకున్న వేడినీళ్ళు చల్లారిపోతాయి. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి సాయంత్రానికి బరువెక్కి లాగుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. అవన్నీ చెప్పుకోగలిగిన నొప్పులే, చెపితే ఆయన కాళ్ళూ చేతులూ కూడా పిసుకుతాడు. చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఏ పనీ రుచించదు. ఎవరి మాటా లోపలికి దిగదు. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాదు. ఒకసారి, చాలా ఏళ్ళ కిందట, అక్కతో అంది, ఏమీ బాగుండటం లేదే అని. పక్క మంచాల వాళ్ళు పోయారు, నువ్వు మిగిలావు, ఇంకా ఏం బాగుండాలే నీకు అంది అక్క. అక్క చెడ్డది కాదు. ఆస్పత్రిలో ఇరవై రెండు రోజులు నేల మీద పడుకున్న మనిషి. ఆ మాట తర్వాత టేపక్క మళ్ళీ ఎవరితోనూ అనలేదు.

అసలు ప్రమాదం అది కూడా కాదు. జబ్బు తిరగబెట్టకుండా పదేళ్ళపాటు రోజుకో మాత్ర వేసుకోమన్నారు. ఎనిమిదేళ్ళకి పైగా గడియారం చూసుకుని మరీ వేసుకుంది. నాలుగు నెలల కిందట ఒకరోజు మరిచిపోయింది. మర్నాడు గుర్తుంది గానీ వేసుకోలేదు. మూడోనాడు మాత్రల అట్ట చేత్తో పట్టుకుని, మళ్ళీ దుకాణంలో బొత్తాల డబ్బా కింద పెట్టేసింది. చచ్చిపోవాలని మాత్రం కాదు. బతకడం కోసం రోజూ తను ఒక పని చెయ్యాలంటే విసుగొచ్చింది. ఆయన ప్రతి నెలా మందుల షాపు నుంచి కొత్త అట్ట తెచ్చి చేతిలో పెడుతూనే ఉన్నాడు. ఆవిడ తీసుకుని దాస్తూనే ఉంది. సోమవారం ఏడాది పరీక్షకి వెళ్ళాలి. చెపితే ఆయన ఏమైపోతాడో, వీధిలో సింహం ఏమైపోతుందో, తన దగ్గరికి వచ్చి వెళ్ళిన ఆడవాళ్ళంతా ఏమనుకుంటారో. చెప్పకపోతే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. తెలిసీ మెదలకుండా ఉంది.

శనివారం మధ్యాహ్నం డ్రిల్లు టీచరు వచ్చింది.

డ్రిల్లు టీచరు ఊళ్ళో ఇంకో బడిలో పిల్లలకి ఆటలు నేర్పుతుంది. ముప్ఫై ఏడేళ్ళుంటాయి, ఆపరేషనయి ఏడు నెలలు. జుట్టు ఇప్పుడిప్పుడే వేలెడు పొడుగు పెరిగింది. రెండువారాల కిందట మెత్త తీసుకెళ్ళింది. కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. కాస్త సర్దుతారేమోనని వచ్చానక్కా, చెయ్యెత్తితే పక్కకి తిరిగిపోతోంది, నా ఒళ్ళే అంత, ఏ బట్టా సరిగా నిలవదు అని నసిగింది.

టేపక్క కాగితం విప్పింది. టీచరుకి తీసేసింది కుడివైపు. ఆ మెత్త ఎడమది. సన్నగా సాగిన కొస చంకలోకి పోవలసింది, గుండె మధ్యకి వస్తుంది. నమూనా తిరగెయ్యలేదు. అద్దం ముందు పట్టుకుని చూసుకోనూలేదు. చేతులు వాటి దారిన అవి కోసుకుంటూ, కుట్టుకుంటూ పోయాయి. ఆ వేళ తన మనసు ఎక్కడుందో ఎంత తలుచుకున్నా ఆవిడకి గుర్తు రాలేదు.

"ఇది నీ ఒళ్ళు కాదమ్మా. నేను తప్పు కుట్టాను. ఇది ఎడమవైపుది," అంది.

టీచరు నమ్మలేదు. మెత్తని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పద్నాలుగు రోజులు అలాగే పెట్టుకుని పిల్లల ముందు చేతులెత్తానంది. ఒక చెయ్యి గుండె మీద అదిమిపెట్టుకుని ఈల వేశానంది. పిల్లలు చూసి నవ్వారట. మరి ముందే రావద్దూ అని టేపక్క కోప్పడింది. టీచరు బల్ల అంచు గోటితో గీకుతూ నిలబడింది.

"మీరు తప్పు చేస్తారని అనుకోలేదక్కా. తేడా నాలోనే ఉందనుకున్నాను. అన్నీ అంతే కదా."

అన్నీ అంటే ఏమిటని అడిగింది టేపక్క. అడగకుండా ఉండాల్సిందని ఆ మరుక్షణమే అనుకుంది, ఎందుకంటే టీచరు స్టూలు మీద కూలబడి మొదలెట్టేసింది. పొద్దున లేవాలనిపించడం లేదట. పిల్లల గోల ఎక్కడో గోడ అవతల నుంచి వింటున్నట్టు ఉంటోందట. ఇంట్లోవాళ్ళు ఇంక గండం గడిచింది కదా, నవ్వవేం అంటున్నారట. మొన్న ఇక్కణ్ణించి వెళ్ళాక బస్సులో కూచుని బాగా ఆలోచించిందట. టేపక్కకీ ఇదే జబ్బు, ఇదే కోత, ఇవే మందులు. ఆవిడ గుండ్రాయిలా ఉంది, జోకులేస్తోంది. మరి తనకేం రోగం? బతికి బయటపడే మనుషులు వేరే ఉంటారు కాబోలు, తను ఆ రకం కాదు.

"రోజూ వేసుకునే మాత్రలు పోయిన వారం నుంచి మొదలెట్టమన్నారు. మొదలెట్టలేదు. మీలాంటివాళ్ళకి పనికొస్తాయి గానీ, నాకెందుకవి," అంది.

టేపక్క మెత్తని తన వైపుకి లాక్కుంది. తన నవ్వు నలుగురికీ ధైర్యమనే ఇన్నాళ్ళూ అనుకుంది. అది ఈ పిల్లని కుంగదీస్తుందని కలలో కూడా తోచలేదు. దీనిలాగే నవ్వుతూ మెట్లు దిగి, బస్సులో కూచుని ఇదే లెక్కన ఆలోచించుకున్నవాళ్ళు ఎంతమందో. ఒకసారి వచ్చి మళ్ళీ రాని మొహాలు కొన్ని గుర్తుకొచ్చాయి. వాళ్ళు బాగుండి రాలేదనే ఇంతకాలం సర్దిచెప్పుకుంది.

ఆవిడ లేచి బొత్తాల డబ్బా జరిపింది. కింద నుంచి నాలుగు మాత్రల అట్టలు తీసి మెత్త పక్కన పెట్టింది. ఒకదాంట్లో రెండు గళ్ళు మాత్రమే ఖాళీగా ఉన్నాయి. మిగతా మూడూ తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి.

"నేనూ వేసుకోవడం లేదు. నాలుగు నెలలైంది. నాకూ లేవాలనిపించదు. సోమవారం ఏడాది పరీక్ష, అయినా ఎవరికీ చెప్పలేదు. నీతో చెప్పిందంతా ఉత్తదే," అంది.

టీచరు వెంటనే కరిగిపోయి ఆవిణ్ణి కావలించుకుందనుకుంటున్నారేమో. అలాంటిదేమీ జరగలేదు. టీచరుకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది. మరి నాతో ఎందుకు అబద్ధం చెప్పారు, నేను మిమ్మల్ని నమ్ముకుని వచ్చాను కదా అని నిలదీసింది. రెండు వారాలు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో మీకు తెలుసా అంది. టేపక్క తలదించుకుని చేతిలో కత్తెర తెరుస్తూ మూస్తూ కూచుంది. అరుపులు అయిపోయాక టీచరు ముక్కు చీదుకుని, ఇది మనిద్దరికేనా, ఇంకా ఉంటారా ఇలాంటివాళ్ళు అని మామూలు గొంతుతో అడిగింది. నాకేం తెలుసమ్మా, నన్నెవరూ అడగలేదు, నేనెవర్నీ అడగలేదు అంది టేపక్క.

టేపక్క కాగితం తిరగేసి పెట్టి కొత్త గుడ్డ కోసింది. ఎప్పుడూ కబుర్లు చెపుతూ కుట్టేది, ఆ రోజు నోరు మెదపకుండా కుట్టింది. టీచరు పూసలు తూచి ఇచ్చింది. తెర వెనక పెట్టుకుని, ఇరుకు గదిలోనే చేతులెత్తి, దించి, వంగి, గెంతి చూసింది. కదల్లేదు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. ఎంతైనా పిల్లల్ని వరసలో నిలబెట్టే మనిషి. సోమవారం నేనూ ఆస్పత్రికి వస్తాను, లోపల మీరు చెప్పాలి, మీరు చెపితే నేను మాత్రలు మొదలెడతాను, లేకపోతే లేదు అంది. ఇదేం బేరమే తల్లీ అని టేపక్క నీరసంగా నవ్వింది. టీచరు నవ్వలేదు.

ఆదివారమంతా ఆవిడ చెప్పాలని చూస్తూనే ఉంది. ఆయన బస్సు కడుక్కుంటూ ఈల వేస్తున్నాడు. తొమ్మిదో ఏడు కూడా పాసయితే ఇంక ఒక్కటే మిగిలిందోయ్ అన్నాడు. ఆ సంతోషం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు. తువ్వాలు అందించి లోపలికొచ్చేసింది.

సోమవారం ఆస్పత్రి వసారాలో బల్ల మీద టీచరు ముందే వచ్చి కూచుని ఉంది. ఆయన ఆవిడెవరని అడిగితే నా దగ్గర కుట్టించుకుంది అని మాత్రం చెప్పింది టేపక్క. పేరు పిలిచారు. టీచరు ఆవిడ మొహంలోకి చూసింది.

డాక్టరుగారు పెద్దావిడ, నెమ్మదస్తురాలు. చేతికి వాపు చూసింది, మచ్చ చూసింది, స్కానింగు రిపోర్టు తిరగేసి అంతా శుభ్రంగా ఉందంది. ఆయన మొహం చేటంతయింది. మాత్రలు వేసుకుంటున్నారా, మనసు అదీ బాగుంటోందా అని డాక్టరుగారు అడిగీ అడగడంతోనే ఆయనే అందుకున్నాడు. ఒక్కరోజు తప్పదండీ, దివ్యంగా ఉంది, పదిమందికి ధైర్యం చెపుతుంది మా ఆవిడ అన్నాడు. డాక్టరుగారు కూడా నవ్వి, కాగితం మీద రాసుకుంది. తలకిందులుగా కనపడినా టేపక్క చదవగలిగింది. బాగున్నారు అని రాసింది.

"ఆ మాట కొట్టెయ్యండి," అంది టేపక్క.

డాక్టరుగారు తలెత్తింది.

"బాగున్నారని రాశారే, అది. కొట్టెయ్యండి. నేను బాగాలేను. మాత్రలు మానేశాను."

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్నేం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. ఒకసారి డాక్టరుగారి వంక, ఒకసారి భార్య వంక చూశాడు. తను తెచ్చిచ్చిన అట్టలు గుర్తొచ్చాయి కాబోలు, చెయ్యి జేబు మీదికి పోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు చిన్నగా అడిగాడు.

"ఎప్పట్నించే?"

"మాత్రలు నాలుగు నెలలైందండీ," అంది ఆవిడ. "బాగాలేనిది తొమ్మిదేళ్ళ నించి."