అది తినిందా?

పెళ్ళయి ఆలూరు పక్క పల్లెకు కాపురానికొచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం సంతోషమ్మ వంటింట్లో జొన్నరొట్టె తడుతూ ఒక మాట విన్నది. మొగుడు దావీదురాజు పొలం నుంచి వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ తల్లిని అడుగుతున్నాడు.

"అమ్మా, అది తినిందా?"

సంతోషమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ పొద్దు ఆమెకు తలనొప్పి, మధ్యాహ్నం ముద్ద దిగలేదు. ఎవరికీ చెప్పలేదు. అయినా కనిపెట్టాడే ఈయన అని మురిసిపోయింది.

"యాడ తినింది? నాలుగు పరకలు కొరికి వదిలేసింది. పొద్దున్నుంచి అదో మాదిరి చూస్తాంది," అంది అత్త.

పరకలేమిటో సంతోషమ్మకు అర్థం కాలేదు. అయినా మురిపెం తగ్గలేదు.

"రేపు డాక్టరుకు చూపిస్తాలే. కడుపులో పురుగులుండాయేమో. కొమ్ములకు కొంచెం నూనె రాయమ్మా."

కొమ్ముల దగ్గర ఆమెకు తెలివొచ్చింది. అప్పటికే పెనం మీద రొట్టె మాడింది. "దానికి రొట్టె కాల్చేది గూడా రాదు," అంది అత్త వాసన పట్టి. ఈ 'దానికి' ఎవరో మాత్రం సంతోషమ్మకు వెంటనే తెలిసింది.

ఆ ఇంట్లో పాలిచ్చే ఎనుముకు రాణి అని పేరుండేది. ఎనుములు మారినా పేరు మారలేదు. దావీదురాజు దొడ్లోకి పోతే "రాణీ" అనేవాడు, వంటింట్లోకి వస్తే "ఏమే" అనేవాడు. మొదట్లో ఆమె అలిగింది. కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత అలవాటయింది, ఆ అలవాటే ఆమెను మార్చేసింది. అరిస్తే కదలడం నేర్చుకుంది. కాలు నొస్తే నోరు విప్పకుండా కుంటేది, ఎవరన్నా చూసి కనుక్కుంటారని, అచ్చం రాణి మాదిరే. తేడా ఏమిటంటే, రాణి కుంటితే కనుక్కునేవాళ్ళు.

దావీదురాజు పోయాక, చర్చిలో పాస్టరమ్మ ఆడవాళ్ళకు సాయంత్రం చదువు మొదలుపెట్టింది. మొదటిరోజు "సంతోషమ్మా" అని పిలిస్తే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసింది. వెనకాల గోడ ఉంది. అక్షరాలు మెల్లగా వచ్చాయి. వాక్యం కూడబలుక్కుని చదివినరోజు, నేను మళ్ళీ మనిషినైనాను అనుకుంది. ఆ ఏడే కొడుకు ఏసుకుమార్‌కు పెళ్ళి చేసి అత్త కూడా అయింది.

కొడుక్కి డోన్‌లో పని, వారానికొకసారి వస్తాడు. కోడలు ప్రసన్నకుమారిది మైదుకూరు. మొన్నొక మధ్యాహ్నం సంతోషమ్మ వాకిట్లో నిలబడి కొడుకుతో ఫోన్లో మొర పెట్టుకుంది.

"దీంతో శానా కష్టంగా ఉండాది నాయనా. తిండి చూస్తే ఇంతెత్తు. దగ్గరికి పోతే తల విసురుతాంది. మీ నాయనుంటే దారికి తెచ్చేవాడు. ఎవురన్నా అడిగితే తోలేద్దాం. కొత్తది తెచ్చుకుందాం."

ఫోను పెట్టేసి లోపలికొస్తే, ప్రసన్న బ్యాగులో చీరలు కుక్కుతోంది.

"యాడికిమ్మే?"

"మైదుకూరుకు. మీరు తోలేదాకా ఎందుకత్తా, నేనే పోతాండా. కొత్తది తెచ్చుకోండి."

సంతోషమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగక గడప మీద కూలబడింది. "పిచ్చిదానా, నేను చెప్పింది ఎనుము సంగతి."

ప్రసన్న నవ్వలేదు. "ఎనుమని నాకెట్ల తెలుస్తాది? పొద్దున పక్కింటి భీమక్కతో 'అది ఇంకా లేయలేదు' అన్నావు, అది నేను. 'దానికి నీళ్ళు పెట్టల్ల' అన్నావు, అది ఎనుము. నిన్న 'అది మూతి ముడుచుకోని ఉండాది' అంటివే, అదెవురత్తా?"

సంతోషమ్మ నోరు తెరిచింది. ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఆమెకూ గుర్తు రాలేదు.

ఎప్పుడో మాడిన రొట్టె వాసన ముక్కుకు తగిలింది. అత్తను మట్టిచేసి ఇన్నేళ్ళయింది గానీ, ఆమె నోటిని మాత్రం పూడ్చలేదు. అది తన మొహానే ఉండిపోయింది. పోవద్దమ్మా అని చెప్పాలి. ఆ నోటికి ఆ మాట అలవాటు లేదు.

ప్రసన్న బ్యాగు జిప్పు లాగుతుంటే ఫోను మళ్ళీ మోగింది. ఏసుకుమారే.

"అమ్మా, అడిగేది మర్చిపోయినా. అది తినిందా?"

"ఏది?"

"ఏదేందిమ్మా..."

"ఈ ఇంట్లో తినేవాళ్ళం ముగ్గురుండాం. రాణి ఉండాది, ప్రసన్న ఉండాది, నేనుండా. ఎవురి సంగతి కావల్లో పేరు పెట్టి అడుగు."

"ఏమైందమ్మా, ఒంట్లో బాగలేదా?"

"ఇప్పుడిప్పుడే బాగైతాంది," అని సంతోషమ్మ ఫోను పెట్టేసింది. కోడలి మొహం చూడటానికి ధైర్యం చాలక దొడ్డి వైపు చూస్తూ కూర్చుంది.

వెనకాల జిప్పు చప్పుడు సగంలో ఆగింది. బ్యాగు పక్కకు నెట్టి, ప్రసన్న అడిగింది.

"సంతోషమ్మ తినిందా?"

అత్తను పేరు పెట్టి పిలిచిన కోడలు ఆ వీధిలో ఇంతవరకు లేదు. సంతోషమ్మ ఈసారి ఇంకెవరినో అనుకోలేదు.

"ఇంకా లేదు," అంది. "ప్రసన్న కూర్చుంటే తింటాది."