గోరువెచ్చని చెయ్యి

ముసలాయన వీపు కింది తడి దుప్పటి లాగేసి పొడిది పరిచేసరికి ఆయమ్మ నడుము పట్టేసింది. వృద్ధుల ఆశ్రమంలో ఆ గదీ, పక్కనున్న మరో నాలుగు మంచాలూ ఆమె వంతు. ముసలాయన ఒకప్పుడు ఓడల్లో పనిచేసినవాడు. జబ్బు ముదిరాక నేర్చుకున్న భాషలన్నీ తుడిచిపెట్టుకుపోయి, పుట్టుకతో వచ్చిన స్పానిష్ ఒక్కటే మిగిలింది. అందులోనూ పొద్దస్తమానం కెదార్ అన్న ఒక్క క్రియే, దాని పిల్లాపాపలే.

చొక్కా తొడిగితే "కెదా" అన్నాడు. గ్లాసు అడుగున నీళ్లు చూసి కూడా "కెదా" అన్నాడు. ఆయమ్మ తల పట్టుకుని, ఒకప్పుడు ఓడల్లో వండి వచ్చిన ఆశ్రమం వంటాయన్ని అడిగింది.

"నీళ్లు మిగిలాయన్నా అదే, చొక్కా నప్పిందన్నా అదే, ఇల్లు ఫలానా చోట ఉందన్నా అదేనమ్మా" అన్నాడాయన గరిటె తిప్పుతూ.

"ఒక్క మాట ఇన్ని కాపురాలు చేస్తుందా అన్నయ్యా?"

"చేస్తుంది. ఉండిపొమ్మనాలంటే 'కేదతే'. ఉంటాననాలంటే 'మె కెదొ'."

ఆ రెంటినీ పెదవుల మీదే నెమరేసుకుంటూ ఆమె గదికి వచ్చింది.

మధ్యాహ్నానికి ముసలాయనకు గురక పట్టింది, కాళ్లు చల్లబడ్డాయి. ఇలాంటివి చాలా చూసిన ఆయమ్మకు సంగతి అర్థమైంది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని "కేదతే" అన్నాడు. ఈసారి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది. భర్త పోయిన పూట ఆమె ఇక్కడే ఎవరిదో పక్క మారుస్తోంది. ఆయన చివరికి ఎవరిని పిలిచాడో ఇప్పటికీ తెలియదు. ఈయన్నైనా ఒంటరిగా పంపకూడదని మంచం పక్కనే కూర్చుంది.

గుమ్మంలోంచి నర్సమ్మ పిలిచింది. "అవతల పెద్దావిడ మంచం మీంచి పడింది. రా."

"ఈయన పోయేలా ఉన్నాడమ్మా. కాసేపు కూర్చోనివ్వండి."

"ఆవిడకి రక్తం కారుతోంది. నేనొక్కదాన్నే ఎత్తలేను."

ఆయమ్మ చెయ్యి విడిపించుకుంది. రబ్బరు గ్లౌజులో గోరువెచ్చని నీళ్లు నింపి, మణికట్టు దగ్గర ముడేసి, ఆ వేళ్లను ఆయన గుప్పిట్లో పెట్టింది. పాత ఆయాలు నేర్పిన కిటుకు అది. పోయేవాళ్లు మనిషి చెయ్యే అనుకుని ఊరుకుంటారు.

"మె కెదొ" అంది ఆయన చెవి దగ్గర. అంత తేటగా ఆమె ఎన్నడూ అబద్ధమాడలేదు.

పెద్దావిడ నుదుటికి కట్టు పడగానే, నెత్తురంటిన చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ముసలాయన వెళ్లిపోయాడు. "ఇంకొంచెం ఆగలేకపోయావా తండ్రీ" అంటూ మంచం పట్టీకి తల ఆనించి ఏడ్చింది.

బిగుసుకున్న ఆయన గుప్పిట్లో గ్లౌజు ఇంకా అలాగే ఉంది, ఐదు వేళ్లలోనూ నీళ్లు చల్లారిపోయి.