మూడో నంబరు కోట

ఆటలో అత్తయ్య మళ్ళీ కోట గోడలు పెంచేసింది, నిన్న ఊదారంగులో ఉన్నవి ఇవాళ నల్లగా నిగనిగలాడుతున్నాయి, నల్లగోడ అంటే ఆఖరి మెట్టుకి ఒక్క మెట్టే తక్కువ, జట్టు నాయకురాలిని, నాకే ఆ రంగు ఇంకా రాలేదు, అనుకుంటూ ఫోను కౌంటరు కింద పెట్టి అద్దాన్ని మిషన్లో బిగించాను, భోజనాల వేళ దాటితే ఈ కళ్ళద్దాల షాపులోకి ఎవరూ రారు, అద్దం అంచు అరుగుతున్న సన్నటి చప్పుడు, దాని మీద పడే నీళ్ళ జల్లు, ఎడమకంటిది ఇంకా కొంచెం అరగాలి, ఫ్రేములో కూర్చోనంటోంది, కూర్చోనన్నదాన్ని బలవంతంగా నొక్కితే పగిలి ఊరుకుంటుంది, గోడలతో సరిపెట్టిందా ఇంకేమైనా కట్టిందా అని మళ్ళీ ఫోను తీశాను, కట్టింది, పైమూలన కొత్త బురుజు, చుట్టూ కర్రలు పాతి పని మొదలుపెట్టేసింది, అయ్యో అత్తయ్యా, ఒక్క బురుజు ఎంత బరువో తెలుసా మీకు, సాయంత్రం యుద్ధం పేర్లు ఇవ్వాలి కదా, అదేదో రేపు కట్టుకుంటే ఏం పోయేది, బరువు సంగతి మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, తలా ఒక కోట కట్టుకుంటామండీ, అందరం ఒక జట్టు, ఇంకో జట్టుతో యుద్ధం, ఎవరు తగులుతారో మన చేతిలో ఉండదు, ఆ ఆటే మన కోటలన్నిటినీ తూచి, అంతే బరువున్న జట్టుని ఎక్కణ్ణుంచో వెతికి తెచ్చి ఎదురుగా నిలబెడుతుంది, ఆ బరువెంతో మాత్రం చెప్పదు, మనమే అంచనా కట్టుకోవాలి అంటే, ఓహో సంబంధాలు చూడ్డం లాంటిదన్నమాట, అన్నాడు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆ, అలాంటిదే అనుకోండి, అన్నాను.

అంచనా కట్టడంలో నన్ను మించినవాళ్ళు మా జట్టులో లేరు, గొప్పలు పోవడం కాదు, ఒక కోట తెరిచి కాసేపు కళ్ళు తిప్పితే చాలు, గోడల రంగు, ఫిరంగులు ఎంత ముదిరాయి, సైనికుల గుడారాలు ఎంత పెద్దవి, చూడగానే మనసులో ఒక బరువు తూగుతుంది, ఎదురు జట్టు వచ్చాక చూస్తే చాలావరకు అదే, కిటుకల్లా ఒకటే, ఆ తూకానికి గోడలూ ఫిరంగులూ బాగా బరువు, సైన్యం తేలిక, అందుకని తెలిసినవాళ్ళు గోడల జోలికి పోకుండా సైన్యాన్నే పెంచుకుంటారు, పైకి బక్కపలచగా కనిపించి లోపల బండలా ఉంటారు, నా కోట అలాంటిదే, మా జట్టులోని లారీ డ్రైవరుదీ అంతే, అత్తయ్యది సరిగ్గా దానికి తిరగేసి, గోడలు కొండంత, సైన్యం చూస్తే గుప్పెడు, తూకంలో మాత్రం మా అందరిలో మూడోది, కాబట్టి అవతలి మూడోవాడు రాక్షసుడై ఉంటాడు, వాడు వచ్చి మా చిన్న కోటల్ని నేలమట్టం చేస్తాడు, వాడి కోట మీదికి అత్తయ్యని పంపితే గుమ్మం దగ్గరే దణ్ణం పెట్టి తిరిగొస్తుంది, వరసగా మూడు యుద్ధాలు అలాగే పోయాయి, ఇంకొకటి పోతే కింది అంచెకి జారతాం, ఆ మాటే డ్రైవరు లారీ పక్కకి ఆపి వాయిస్‌లో పంపాడు, వెనకాల హారన్ల మోత, అక్కా, నీకు చెప్పేంత వాణ్ణి కాదుగానీ కోటమ్మని ఈ ఒక్కసారికి పక్కన పెట్టక్కా, ఆవిడ గోడల పుణ్యమా అని మనకి ఏనుగులు తగులుతున్నాయి, కోటమ్మ అని పేరు పెట్టిందీ వాడే, జట్టులోనే ఉన్న లెక్కల మాస్టారు అయితే ఇంకా పద్ధతిగా రాశాడు, ఆవిడ వల్ల మన బరువు పెరుగుతోంది, మన దెబ్బ పెరగడం లేదు, ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదండీ, అని, కోటమ్మ నాకు స్వయానా అత్తగారని వీళ్ళెవరికీ తెలియదు, చెప్పలేదు, చెబితే మొహమాటపడి మానేస్తారు, మొహమాటం మీద జట్టు నడవదు, పేరు పక్కన టిక్కు తీసేస్తే అయిపోతుంది, ఎంతసేపు, వేలు ఆనిస్తే చాలు, కానీ ఆనించలేదు, అద్దం తీసి వెలుతురుకి పెట్టి చూశాను, ఇప్పుడు కూర్చుంటుంది.

అసలు ఆవిడకి ఆట పెట్టిచ్చిందీ నేనే, తుంటి ఆపరేషన్ అయ్యాక ఇక్కడికొచ్చిన కొత్తలో, మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉండేది, నేను మందు గ్లాసు పట్టుకుని నిలబడితే తీసుకుని తాగేది, ఖాళీ గ్లాసు ఇచ్చేసేది, ఊ అనేది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా ఉన్నవన్నీ అలాంటి ఊలే, గొడవా లేదు, చనువూ లేదు, ఒకరోజు కుర్చీలో కూర్చుని ఆడుకుంటున్నాను, ఏంటమ్మాయ్ ఆ టకటక, పొద్దస్తమానం, అంది అటు తిరిగే, ఆటండీ, కోట కట్టుకోవడం, అన్నాను, కాసేపటికి, ఏదీ, ఇలా ఇవ్వు, అంది, ఆ రోజు నా ఫోను నాకు చీకటి పడేదాకా తిరిగి రాలేదు, అక్కణ్ణుంచి మాటలు మొదలయ్యాయి, మామూలు మాటలు కావు, అమ్మాయ్ నా ఫిరంగి పని అయిపోయింది చూశావా, అమ్మాయ్ ఎవడో వచ్చి నా ధాన్యం కొట్టుకుపోయాడు వెధవ, అత్తయ్య నోట వెధవ అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను, నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను, మరి మీరూ వెళ్ళి కొట్టండి అత్తయ్యా అంటే, వాళ్ళు నన్నేం చేశారని, అనేది, ధాన్యం కొట్టుకుపోయింది వాళ్ళే కదా అంటే, పోనీలే అవసరమేమో, అనేది, ఒకే ఒక్కసారి నా బలవంతం మీద ఎవరి కోట మీదికో వెళ్ళింది, పావు వంతు కూలగొట్టి, అయిపోయాక, నాయనా ఏమీ అనుకోకు, మా కోడలు వెళ్ళమంది, అని వాడికి రాయడం ఎలాగో చెప్పమంది, అలా రాయడానికి ఉండదండీ అంటే మొహం చిన్నబుచ్చుకుంది.

స్క్రూ బిగిస్తుంటే ఫోను మోగింది, డ్రైవరేమో అనుకున్నాను, కాదు మా మరిది, వదినా, ఆదివారం పొద్దున్నే వస్తున్నా, అమ్మని తీసుకెళ్ళిపోతా, గది సర్దేశాం, నువ్వు కూడా పాపం చాలా చేశావు, ఇక కొంచెం ఊపిరి పీల్చుకో, అన్నాడు, మంచివాడే, వాడి గొంతులో దాపరికం ఉండదు, అత్తయ్యేమంది, అన్నాను, ఏమంటుంది, సరే అంది, అమ్మ సంగతి తెలిసిందేగా, గట్టి మనిషి, అడివిలో వదిలినా ఉండగలదు, అన్నాడు, నిన్న భోజనాల దగ్గర మా ఆయనా అదే అన్నాడు, అమ్మకేం, ఎక్కడున్నా ఒకటే, గట్టి మనిషి, అని, నేనూ తలూపాను, ఎందుకు ఊపకూడదు, మామగారు పోయినప్పుడు అందరూ కూలబడిపోతే వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది ఆవిడే, ఫోను పెట్టేశాక స్క్రూ వేళ్ళ మధ్య నుంచి జారి ఎక్కడో పడింది, మోకాళ్ళ మీద వంగి వెతుకుతూ, ఆదివారం నుంచి ఇల్లు ఎలా ఉంటుందో మనసులో వేసుకున్నాను, ముందు గది ఖాళీ, స్నానాల గదిలో చేతికర్ర ఉండదు, మధ్యాహ్నం మందులకని అలారం అక్కర్లేదు, టీవీ మా ఇష్టం, తేలిక, ఏ పక్కనుంచి చూసినా తేలికే, సంతోషపడాలి కదా, స్క్రూ కుర్చీ కాలు పక్కనే దొరికింది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది, వానొచ్చి వెలిసినట్టుంది, దుకాణాల వాళ్ళు గుమ్మాల ముందు నీళ్ళు ఊడ్చుకుంటున్నారు, అత్తయ్య కోట తెరిచి ఊరికే చూస్తూ కూర్చున్నాను, అంచనా కట్టడానికి కాదు, ఎంత పొందిగ్గా కట్టిందో, గోడ మీద గోడ, వంకర లేదు, మధ్యలో పనివాళ్ళ గుడిసె, దాని పక్కన ఎందుకూ పనికిరాని పూలమొక్కలు, దండగ అని నేను చెప్పినా తియ్యలేదు, గుడారాల్లో ఆ గుప్పెడు మంది సైనికులు మంట చుట్టూ కూర్చుని ఉన్నారు, ఎవరి మీదికీ వెళ్ళక్కర్లేని సైనికులు, వాళ్ళ బతుకే హాయి, పక్క సీట్లో ఆవిడ తొంగిచూసి, మీదేనా, బాగుంది, అంది, మా అత్తయ్యదండీ, అన్నాను, దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడవాల్సొచ్చింది.

తలుపు తీసేసరికి అత్తయ్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠానీలు వలుస్తోంది, ఫోను చక్కెర డబ్బాకి ఆనించి ఉంది, కాళ్ళు కడుక్కొచ్చి నేనూ ఎదురుగా కూర్చుని కొన్ని కాయలు నా వైపు లాక్కున్నాను, ఆ లారీ అబ్బాయి చెప్పింది విన్నానమ్మాయ్, అంది తల ఎత్తకుండా, గ్రూపులో వాయిస్ పెడితే అందరికీ వినపడుతుందని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు, వాడికి తెలియదు అత్తయ్యా, మీరు నాకు ఏమవుతారో, అన్నాను, తెలిస్తే మాత్రం, నిజమే కదా చెప్పాడు, నా వల్ల ఓడిపోతున్నారు, నన్ను తీసెయ్యి, నేనేమనుకోను, అంది, గిన్నెలో గింజలు టపటపా పడుతున్నాయి, మరి అంత బరువు గోడలు ఎందుకత్తయ్యా, కొంచెం సైన్యం కూడా పెంచుకోవచ్చు కదా, అడగాలని ఎన్నాళ్ళ నుంచో ఉన్న మాట ఇవాళ బయటికొచ్చింది, ఆవిడ ఒక కాయ చీల్చి, గింజలు రాల్చకుండా చేతిలోనే పట్టుకుని, మంచం మీద నుంచి లేవలేనప్పుడు కళ్ళు తెరవగానే ఇదే చూసుకునేదాన్ని, రాత్రి ఎవరైనా వచ్చారా, నిలబడి ఉందా, పడిపోయిందా అని, నిలబడి ఉంటే ఆ పూటకి లేద్దామనిపించేది, అంది, అంతే, పెద్ద మాట చెప్పానన్న భావం కూడా లేదు ముఖంలో, గింజలు రాల్చేసింది, తర్వాత తొక్కలన్నీ ఒక పక్కకి పోగుచేస్తూ, మామూలు గొంతుతోనే, యుద్ధాల్లోంచి తీసేస్తే తీసెయ్యిగానీ, చిన్నవాడింటికెళ్ళినా నీ జట్టులో ఉండనిస్తావు కదా, దూరం నుంచైనా ఉండొచ్చా, అంది.

ఎంత దూరం నుంచైనా ఉండొచ్చు, ఆ ఆటకి దూరం లేదు, అదే చెప్పబోయాను, కానీ ఆవిడ అడిగింది ఆట గురించి కాదు, అత్తయ్యా, మీకు వెళ్ళాలనుందా, అన్నాను, వాడు కారు కూడా మాట్లాడేశాడట, ఆదివారం పొద్దున్నే వస్తానన్నాడు, అంది, కారు సంగతి కాదండీ, మీ సంగతి, వెళ్ళాలనుందా, ఆవిడ చేతులు ఆగిపోయాయి, నా ముఖంలోకి చూసింది, ఇంత దగ్గరగా ఆవిడ కళ్ళు నేనెప్పుడూ చూడలేదు, ఎడమ కన్ను కొంచెం మసకబారుతోంది, ఒకసారి షాపుకి తీసుకెళ్ళాలి, లేదు, అంది, ఒక్క మాట, అని, వెంటనే కంగారుపడి, కానీ వాడు నొచ్చుకుంటాడేమో, గది కూడా సర్దారు, నీకూ ఇక్కడ పని ఎక్కువవుతోంది, అని గోడ మీద గోడ కట్టడం మొదలుపెట్టింది, నేను ఫోను తీసుకుని మరిదికి చేశాను, ఆదివారం రా, భోజనానికి రా, పిల్లల్ని కూడా తీసుకురా, కారు పెద్దది అక్కర్లేదు, అత్తయ్య రావట్లేదు, అన్నాను, అదేంటి వదినా, సరే అంది కదా, అన్నాడు, సరే అంది, ఇష్టమని అనలేదు, అన్నాను, ఇవ్వు, అమ్మకివ్వు, అన్నాడు, నొచ్చుకున్నాడని గొంతులోనే తెలుస్తోంది, అత్తయ్య తడిచేతులు చీరకి తుడుచుకుని ఫోను అందుకుంది, ఒరేయ్, ఏమనుకోకురా, అంటోంది, ఆ గొంతు మారిపోయింది, చిన్నపిల్లల గొంతులా ఉంది.

ఆవిడ మాట్లాడుతుండగా ఆవిడ ఫోనే తీసుకుని చూశాను, బురుజు ఇంకా కడుతూనే ఉంది, నా ఫోను తిరిగొచ్చాక యుద్ధం పేర్లు తెరిచాను, మూడో నంబరు టిక్కు అలాగే ఉంది, ఉంచేశాను, కోటమ్మ మా అత్తగారు, ఈసారీ ఏనుగులే తగులుతాయి, ఉండేవాళ్ళు ఉండండి, అని గ్రూపులో రాశాను, కాసేపటికి లెక్కల మాస్టారు, క్షమించాలి, నేను వేరే జట్టు చూసుకుంటాను, అని పద్ధతిగానే వెళ్ళిపోయాడు, డ్రైవరు మాత్రం నాలుక కరుచుకుంటున్న బొమ్మలు వరసగా పెట్టి, అక్కా చంపేశావు, అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, ఏనుగులైతే ఏనుగులే, అన్నాడు, వెతుకుతున్నాను అన్నట్టు తెర మీద చక్రం తిరుగుతోంది, మా బరువుకి సరిపడే వాళ్ళు ఎక్కడున్నారో, తిరగనీ, బఠానీలు పొయ్యి మీద వేశాను, మూత పెట్టాను, మా ఆయన వచ్చే వేళయింది, ఆయనకి చెప్పాలి, ఆయనేమంటాడు, అమ్మ కోసమా అంటాడు, అప్పుడేం చెప్పాలి అనుకుంటే గరిటె చేతిలోనే ఆగిపోయింది, పాపం అత్తయ్యకి వెళ్ళాలని లేదండీ అని చెప్పొచ్చు, అది నిజమే, కానీ మధ్యాహ్నం ఆ స్క్రూ కోసం నేల మీద వెతుకుతూ ఈ ఇల్లు ఎంత తేలికవుతుందో పైసాతో సహా లెక్క వేసుకున్నానే, గది, కర్ర, మందులు, టీవీ, అన్నీ వేసుకున్నాను, ఆ లెక్కలో నాకేం కావాలో వేసుకోలేదు, ఆవిణ్ణి అడగనిది అందరూ, నన్ను అడగనిది నేనే, ఇప్పుడు అడుగుతున్నాను, అటువైపు తన ఫోనులో మళ్ళీ కొడుకుతో ఏదో మాట్లాడుతూ ఆవిడ నవ్వుతోంది, నాకు కావాలి, పుణ్యానికి కాదు, బాధ్యతకీ కాదు, పొద్దున్నే లేవగానే అమ్మాయ్ అని పిలిచే ఆ మనిషి ఈ ఇంట్లోనే ఉండాలి, నాకోసం.