రెండో సంతకం

నా కళ్ళముందే నా కూతురి మెడలో కార్డు తెంపేశారు.

దుప్పట్ల బండి తోసుకుంటూ అప్పుడే ఆ వరండాలోకి వచ్చాను. ఈ ఆసుపత్రి లాండ్రీలో పదహారేళ్ళుగా ఉతుకుతున్నదాన్ని. నా కూతురు ఇక్కడే ల్యాబులో ట్రైనింగు. క్లినికల్ జెనెటిక్స్ టెక్నాలజీ, బీఎస్సీ మూడో ఏడు. ఆ పేరు తప్పులేకుండా పలకడానికి నాకు నెల పట్టింది. దాని నాన్న పోయాక మిగిలింది మేమిద్దరమే. అదీ హాస్టల్లో అది, గదిలో నేను. ఒకే ఆసుపత్రిలో ఉన్నా, అద్దం తలుపు అవతల తెల్లకోటు వీపు తప్ప దాని మొహం కనపడేది కాదు. ల్యాబు గదిలో ఒక్కతే, గంటలకొద్దీ. తిన్నదో లేదో, కళ్ళు తిరిగి పడితే చూసేదెవరో అనుకుంటూ బండి తోసుకుపోయేదాన్ని.

"తప్పంతా దీనిదే," అన్నాడు సూపర్‌వైజరు. ల్యాబు నడిపే కాంట్రాక్టరు మనిషి వాడు.

ఎదురుగా ఒక లారీ డ్రైవరు. పిల్లల్లేరని పరీక్షకి రక్తమిచ్చాడట. రిపోర్టులో ఆడమనిషని వచ్చింది.

"మరి ఈ మీసం ఎవరిదయ్యా?" అని అరిచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అతనే మళ్ళీ గొంతు తగ్గించి, "ఈ రక్తం ఎవరో ఆవిడది కదా. పాపం, ఏ జబ్బు బయటపడుతుందోనని ఎదురుచూస్తోందో. ముందు ఆవిడని పిలవండి," అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

ఆవిడని ఎవరూ పిలవలేదు. నా కూతుర్ని మాత్రం బయటికి గెంటారు.

సాయంత్రం నా గదికొచ్చి చెప్పింది. రక్తం ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి మార్చేటప్పుడు ఇద్దరుండాలట. ఒకరు పేరూ నంబరూ పైకి చదవాలి, రెండోవాళ్ళు గొట్టం చూసి అవుననాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. వాళ్ళకి మొదటి పాఠమే అదట. కాంట్రాక్టరు వచ్చాక జీతగాళ్ళని తీసేసి, జీతం అక్కర్లేని స్టూడెంట్లని గదికొకరిని పెట్టాడు. రెండో సంతకాలు మాత్రం పొద్దున్నే వరసగా పెట్టించుకుంటాడు, ఇంకా రాని రక్తానికి.

"నువ్వూ పెట్టావా?"

"ఏడాదిగా పెడుతున్నానమ్మా. అందరం పెట్టాం." తల ఎత్తలేదు. "తప్పు నాదేనని రాసిస్తే పరీక్షకి కూర్చోనిస్తారట."

దాచను. "రాసిచ్చెయ్యి తల్లీ," అన్నాను. గడ్డం పట్టుకుని బతిమాలాను. పోలీసులు, జైలు, నా ఉద్యోగం పోవడం, అది నూతిలో దూకడం, అన్నీ ఆ అరగంటలోనే నా కళ్ళముందు జరిగిపోయాయి.

"రాసిస్తే రేపు ఇంకోపిల్ల ఆ గదిలో ఒక్కతే నిలబడుతుందమ్మా," అని లేచి హాస్టలుకి నడిచింది. దాన్ని వెనక్కి లాక్కురావడానికే వెంటపడ్డాను.

భోజనాల హాల్లో పిల్లలంతా పోగయ్యారు.

"గొట్టం మార్చింది నువ్వు, మునిగేది మేమా?" అన్నాడొకడు.

"రిజిస్టర్లో పక్కగడిలో నీ సంతకమే ఉందిరా మొనగాడా," అంది కళ్ళద్దాల పిల్ల.

"అయితే పని బంద్ చేద్దాం!"

"చేస్తే ఫ్రిజ్జులో రక్తం పాడవుతుంది. ఇచ్చినవాళ్ళు కాంట్రాక్టరు చుట్టాలా? మనలాంటోళ్ళే."

అప్పుడు నా కూతురు లేచింది. "పని మానొద్దు. ఒంటరిగా చెయ్యడం మానేద్దాం. చూడనిదానికి సంతకం మానేద్దాం. నేను పెట్టిన దొంగసంతకాలు కూడా నేనే చెప్తాను."

మొదట చెయ్యెత్తింది ఆ మొనగాడే.

మర్నాడు తొమ్మిదింటికి ల్యాబు తలుపు ముందు జంటలు జంటలుగా నిలబడ్డారు. నా కూతుర్ని గార్డులు గేటు దాటనివ్వలేదు. అది లేక పదకొండుమంది. ఐదు జంటలు పోగా ఒక పిల్ల మిగిలింది, అందరికన్నా చిన్నది. గొట్టాల పెట్టె పట్టుకున్న సూపర్‌వైజరు కన్ను దానిమీదే పడింది.

"నీకు జంటెవరే? ఒక్కదానివే లోపలికి నడు!"

ఆ పిల్ల వీపు చూశాను. ఆ వీపు నాకు తెలుసు. ఏడాదిగా అద్దం తలుపులోంచి చూస్తున్నదే.

బండి వదిలేశాను. "నేనున్నాను."

"దుప్పట్లు ఉతికేదానివి. నీకు చదువొచ్చా?"

"దుప్పట్ల మీద నంబర్లు పదహారేళ్ళుగా చదువుతున్నానయ్యా. ఒక వార్డుది ఇంకో వార్డుకి ఒక్కటీ పోలేదు."

పెట్టెలో మొదటి గొట్టం మీదున్న నంబరు కూడబలుక్కుంటూ పైకి చదివాను. ఆ పిల్ల రక్తంతో వచ్చిన చీటీ చూసి "అవును" అంది. పక్క జంట అందుకుంది. నంబరు, అవును. నంబరు, అవును. మళ్ళీ రక్తమివ్వడానికొచ్చిన లారీ డ్రైవరు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఆయాలొచ్చారు, నా లాండ్రీవాళ్ళు తడిచేతులతో వచ్చారు. వరండా అంతా అదే మాట.

సూపర్‌వైజరు నా కార్డూ తెంపాడు. ల్యాబుకి తాళం వేయించాడు. లోపల రక్తం పాడవుతుంటే తాళం వేసింది వాళ్ళు, మేం కాదు. డ్రైవరు చేతికొచ్చిన ఆ రిపోర్టు ఆవిడని ఇంకా పిలవలేదు.

భయం పోయిందని అబద్ధమాడను. రేపు లాఠీలొస్తాయనే అనుకుంటున్నాను. అయినా తొమ్మిదింటికి అక్కడే ఉంటాం, నేనూ నా కూతురూ, ఆ పదకొండుమందీ. ఈ ఆసుపత్రిలో రక్తమిచ్చినవాళ్ళు, ఇవ్వబోయేవాళ్ళు, మీరూ రండి.

ఒక్కరే రాకండి.