మూడో తరగతి గోడ

చార్టు మళ్ళీ చిరిగింది. ఈసారి డాక్టరు రెండు ముక్కలయ్యాడు. మెడలో స్టెతస్కోపు వేసుకుని ఠీవిగా నిలబడ్డ కాగితం బొమ్మ డాక్టరు నెత్తి నుంచి పాదాల దాకా నిలువునా చీలిపోయి, సగం ఇటూ సగం అటూ గోడకు అంటుకుని ఉన్నాడు. ‘మనకు సాయం చేసేవాళ్ళు’ అనే ఆ చార్టు కోసం మూడో తరగతి పిల్లలు వారం రోజులు చేతులకూ మూతులకూ రంగులు పూసుకుని కష్టపడ్డారు. నిన్న సాయంత్రం బడి వదిలేటప్పటికి నిక్షేపంలా ఉంది. పొద్దున తలుపు తీసేసరికి ఇదీ దాని గతి.

మధ్యాహ్నం తల్లిదండ్రులు వస్తారు. పిల్లలు చేసిన పనులు చూపించే రోజు అది.

“ఎవరు చేశారిది?” అంది పెద్దమేడం గుమ్మంలో నిలబడి. ఆవిడ అరిచే మనిషి కాదు. మెల్లగా అడుగుతుంది. అందుకే టీచర్లకు ఆవిడంటే హడలు.

“తెలీదు మేడం. నేను వచ్చేసరికే ఇలా ఉంది,” అంది టీచరు.

“ఇది మొదటిసారి కాదు కదా. పోయిన నెల చెట్ల చార్టు, మొన్న జంతువుల చార్టు. మీ క్లాసులో అల్లరి మీ చేతుల్లో లేదనుకోవాలా? ఎవరో కనుక్కోండి. మధ్యాహ్నానికి కొత్త చార్టు ఉండాలి. అంచులకు కాదు, మొత్తం జిగురు పూయించండి. గాలికి లేవకూడదు.”

పెద్దమేడం వెళ్ళిపోయింది.

గాలికి లేస్తే ఏమవుతుందో టీచరుకు తెలుసు. కింద ఉన్న బీట కనబడుతుంది. ఒకప్పుడు చార్టులు మేకులకు దారంతో వేలాడేవి. ఒకరోజు ఎవరో తండ్రి ఫీజు కట్టడానికి వచ్చి, ఫ్యాను గాలికి చార్టు ఊగితే, “గోడ పగిలినట్టుందే!” అన్నాడు. మర్నాటి నుంచి దారాలు పోయి జిగురు డబ్బాలు వచ్చాయి. ఒక కాపురానికి కట్టుకున్న ఇంటిని బడిగా మార్చింది పెద్దమేడం. ఇప్పుడు ఆ ఇంటి నెత్తిన, కింద పాఠాలు జరుగుతుండగానూ, బడి వదిలాక చీకటిపడే దాకానూ, కంప్యూటర్ల కోసం ఇంకో అంతస్తు లేపుతోంది. సెలవుల్లో కట్టుకోవచ్చు. కానీ కొత్త ఏడాదికి గది కనబడితేనే కొత్త ఫీజు అడగడానికి నోరొస్తుంది.

ఇవన్నీ టీచర్లకు తెలియవని కాదు. తెలిసీ ఎవరి నోటికి వాళ్ళు తాళం వేసుకున్నారు. ఈ టీచరు తాళం మరీ గట్టిది. ఆమె కొడుకు ఆ క్లాసులోనే, కిటికీ పక్క బల్ల మీద కూర్చుంటాడు. టీచర్ల పిల్లలకు ఫీజు లేదు. ఆమెకిచ్చే జీతం ఇంటద్దెకూ సరుకులకూ సరిపోతే అదే పదివేలు. భర్త లారీ మీద తిరుగుతూ ఉన్న నెల పంపుతాడు, లేని నెల ఫోను చేస్తాడు. ఈ ఉద్యోగం పోతే కొడుకు చదువూ దాంతోనే పోతుంది.

“చెప్పండి. ఎవరు చించారు?” అంది పిల్లల వైపు తిరిగి.

పిల్లలందరూ ఒక్కసారే వాగుడుకాయ వైపు చూశారు. ఆ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసే తల్లికి ఒక్కతే కూతురు. నోరు మూతపడదు. నిన్న చివరగా చార్టు దగ్గర నిలబడింది ఆ పిల్లే.

“నేను చించలేదు టీచర్! ఒట్టు! ఇలా నిమిరానంతే. డాక్టరు కోటు నునుపుగా ఉందని...”

“నిమిరితే చిరుగుతుందా? వెళ్ళి గోడకు ముఖం పెట్టి నిలబడు.”

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ వెళ్ళి, చిరిగిన డాక్టరుకు ఎదురుగా నిలబడింది. తక్కిన పిల్లలు నేల మీద చుట్టూ చేరి కొత్త చార్టు మొదలుపెట్టారు. కత్తెరలు కటకటమన్నాయి. ఒకడు పోస్టుమాన్‌కు మీసం పెట్టాలన్నాడు, ఇంకొకడు వద్దన్నాడు. పైన పనివాళ్ళు ఇటుకలు మోసుకొచ్చి కుమ్మరిస్తున్నారు. కుమ్మరించినప్పుడల్లా కప్పు దబ్బుమంటోంది. కొన్నాళ్ళుగా ఆ చప్పుడు అందరికీ అలవాటైపోయింది.

“టీచర్!” అంది వాగుడుకాయ గోడలోకే చూస్తూ.

“మాట్లాడకుండా నిలబడు.”

“అది కాదు టీచర్. ఇది దానంతటదే చిరుగుతోంది.”

పిల్లలు పకపకా నవ్వారు. టీచరుకూ నవ్వొచ్చింది. దెబ్బలు తప్పించుకోవడానికి ఈ వయసులో ఎన్ని కబుర్లు పుడతాయో అనుకుంటూ దగ్గరికి వెళ్ళింది. డాక్టరు బూట్ల కింద, చార్టు అడుగున జానెడు మేర కాగితం ఇంకా చిరగకుండా ఉంది.

“పైన దబ్బుమంటుంది చూడండి. అప్పుడు,” అంది పిల్ల గుసగుసగా.

పైన దబ్బుమంది. టీచరు కళ్ళ ముందే కాగితం సన్నగా ‘చర్’మంటూ ఇంకో బొటనవేలంత కిందికి చీలింది. ఎవరి చెయ్యీ దాని మీద లేదు.

ఆమెకు అప్పుడర్థమైంది. జిగురు రెండు పక్కలా కాగితాన్ని గోడకు బిగించి పట్టుకుంది. గోడ విడిపోతుంటే కాగితం ఏం చేస్తుంది పాపం? చెట్ల చార్టుకు ఇద్దరు పిల్లల్ని బల్లెక్కించింది. జంతువుల చార్టుకు ఒకడి చేత క్షమాపణ చెప్పించింది. చేయని తప్పుకు వాడు ఏడుస్తూ, “ఇంకెప్పుడూ చించను టీచర్,” అన్నాడు. అది గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెంటనే, ఆ అసహ్యాన్ని కూడా తోసేసి, భయం వచ్చి కూర్చుంది. ఈ గోడ కింద ఒక పిల్లను నిలబెట్టింది తనే.

“ఇటు రామ్మా,” అని వాగుడుకాయను రెక్క పట్టి లాక్కుంది. పిల్లలందరినీ బల్లలతో సహా కిటికీ వైపు జరిపింది. “ఇక్కడ వెలుతురు బాగుంది, ఇక్కడ చేసుకోండి,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

ఆ గోడకు అవతలది రెండో తరగతి. అక్కడి టీచరు వయసులో చిన్నది. ఈమె గుమ్మంలోంచి సైగ చేస్తే వరండాలోకి వచ్చింది.

“నీ వైపు గోడ ఎలా ఉంది?”

చిన్న టీచరు వెనక్కి తిరిగి తన గది వైపు చూసింది. “బీరువా అడ్డం పెట్టించారు కదక్కా, మొన్నటి పండగ సెలవుల ముందు.”

“బీరువా వెనకాల?”

“బీటలో నా చెయ్యి పడుతుందక్కా.” ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చెప్పాను మేడంకి. భయమైతే ఇంట్లో కూర్చో అన్నారు. ఇంట్లో కూర్చుంటే మా నాన్న మందులు ఎవరు కొంటారు? నా క్లాసు పిల్లల్ని ఆ గోడ పక్కనున్న వెనక బెంచీల్లో కూర్చోబెట్టట్లేదు. అంతే నేను చెయ్యగలిగింది.”

అంటే బీట ఈ పక్క మొదలై ఆ పక్క తేలింది. రెండు తరగతుల మధ్య ఒకటే గోడ. ఒకరు కాగితంతో కప్పారు, ఒకరు బీరువాతో కప్పారు. కప్పు మోస్తున్నది ఆ గోడే.

ఆమె ఆఫీసు గదికి వెళ్ళింది. పెద్దమేడం అతిథుల కోసం కుర్చీలకు కొత్త గుడ్డలు తొడిగిస్తోంది.

“మేడం, చార్టు పిల్లలు చించలేదు. గోడ కదులుతోంది. నేను చూశాను.”

“మీరు ఎప్పటి నుంచి ఇంజనీరయ్యారు?” పెద్దమేడం నవ్వింది. “కొత్త బరువు పడ్డప్పుడు పాత గోడ కాస్త సర్దుకుంటుంది. సెలవుల్లో మేస్త్రీ వచ్చి పూడుస్తాడు. ఈ ఒక్క పూట గడవనివ్వండి.”

“ఈ పూటైనా పైన పని ఆపిస్తే...”

“కూలీలకు పూట కూలి ఎవరిస్తారు, మీరిస్తారా?” తర్వాత గొంతు ఇంకా మెత్తగా చేసింది. “మీ అబ్బాయి లెక్కల్లో చురుకైనవాడు. మంచి బళ్ళో చదివితే పైకొస్తాడు. వాడి గురించి ఆలోచించుకోండి. వెళ్ళి చార్టు అంటించండి.”

ఆమె తరగతికి వచ్చి, పిల్లలు పూర్తి చేసిన కొత్త చార్టు అందుకుని, జిగురు డబ్బా మూత తీసింది. మాటకు ఎదురు చెప్పడం ఆమెకు పుట్టినింట్లోనూ అలవాటు లేదు, మెట్టినింట్లోనూ అలవాటు లేదు. ఈ ఒక్క పూటే కదా అనుకుంది. ఇన్నాళ్ళూ పడని గోడ ఈ పూటే పడుతుందా అనుకుంది. కుంచె ముంచింది. చార్టు వెనకంతా పూసి గోడకు ఆనిస్తుంటే జిగురు చీర మీద కారింది.

“నేను నొక్కి పట్టుకుంటానమ్మా... టీచర్,” అంటూ ఆమె కొడుకు ముందుకు దూకాడు. పొట్టి చేతులు రెండూ బార్లా చాపి, చెంప గోడకు ఆనించి, చార్టును అదిమి పట్టుకున్నాడు.

పైన దబ్బుమంది. సున్నం పొడి వాడి జుట్టు మీద పడింది. వాడు తుమ్మి, నవ్వాడు.

ఆమె కుంచె కింద పడేసింది. కొడుకును చంకలోకి ఎత్తుకున్నంత పని చేసి వెనక్కి లాగింది.

“అందరూ లేవండి. రైలాట! ఒకరి చొక్కా ఒకరు పట్టుకోండి. మాట్లాడకూడదు, పరిగెత్తకూడదు. పుస్తకాలు వద్దు. వదిలెయ్యండి!”

పిల్లలు ఆమె ముఖం చూశారు. అది ఆటలాంటి ముఖం కాదు. వాగుడుకాయ కూడా నోరెత్తలేదు. రైలు ఆవరణ దాటి, ప్రహరీ దగ్గర వేపచెట్టు నీడలో ఆగింది. ఆమె వెనక్కి వచ్చి రెండో తరగతి తలుపు తట్టింది. చిన్న టీచరు తలుపు తీసి, ఆమెను చూసి, ఒక్క మాటైనా అడగకుండా పిల్లల్ని బయటికి నడిపించింది.

అప్పుడే గేటు దగ్గర తల్లిదండ్రులు ఒకరొకరే చేరుతున్నారు. పూట సెలవు పెట్టి అందరికంటే ముందు వచ్చిన వాగుడుకాయ తల్లి, “ఏంటమ్మా, పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టారు? పాప ఏమన్నా చేసిందా?” అంది కంగారుగా.

“మీ పాప ఏమీ చెయ్యలేదు,” అంది టీచరు. వెళ్ళి మూడో తరగతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

పెద్దమేడం చకచకా వచ్చింది. ముఖాన నవ్వు అలాగే ఉంది, గేటు వైపు కనబడేలా. “పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళండి,” అంది పళ్ళ మధ్య నుంచి.

“తీసుకెళ్ళను మేడం.”

“ఏమన్నారు?”

“తీసుకెళ్ళను. ఎవరి పిల్లల్నీ తీసుకెళ్ళను. గోడ పగిలింది.” ఈసారి గేటు దాకా వినబడింది. చెట్టు కింద ఆమె కొడుకు లేచి నిలబడ్డాడు.

తల్లిదండ్రులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దమేడం చేతులు జోడించి వాళ్ళ వైపు తిరిగింది. “కంగారు పడకండి. టీచరుగారికి ఒంట్లో బాగోలేదు. మా బడికి ఏమీ కాలేదు. చూడండి, నేనే వెళ్ళి కూర్చుంటాను.” టీచరు పక్కనుంచి దూసుకుని లోపలికి వెళ్ళి, ఆ గోడకు ఆనించి ఉన్న కుర్చీలో కూర్చుంది. కొంగు సర్దుకుంది. “రండి పిల్లలూ! మేడం దగ్గరికి రండి!”

ఏ పిల్లా కదల్లేదు.

“మేడం, మీరు కూడా బయటికి రండి,” అంది టీచరు. కోపంతో కాదు. ఆవిడ కోసం కూడా ఆమెకు భయమేసింది.

పైన మరో తట్ట ఇటుకలు కుమ్మరించారు. కప్పు దబ్బుమంది. సున్నం జలజలా రాలింది. పెద్దమేడం తల ఎత్తలేదు, నవ్వు చెదరనివ్వలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు. కానీ రెండు చేతులూ కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, కుర్చీతో సహా, గుమ్మం వైపు కొంచెం జరిగింది. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కీచుమన్న చప్పుడు ఆవరణలో ఉన్న అందరికీ వినబడింది.