అడుగున తూటు

లింగమూర్తి పటేలు బిడ్డ పెండ్లికి మా ఇంటికి కార్డు వచ్చింది. పిలుపు రాలే.

కార్డు వేరు, పిలుపు వేరు. కార్డు ఊరందరికి వస్తది. పిలుపు కుమ్మరోళ్లకు వస్తది. పెండ్లి పది పన్నెండు దినాలుందనంగ ఇంటామె పసుపు కుంకుమ పట్టుకొని వచ్చి, "మల్లన్నా, ఐరేని కుండలు చెయ్యి" అని చెప్పి పోతది. పెండ్లి పొద్దు డప్పు తీసుకొని వచ్చి, కుండలకు బొట్టు పెట్టి, మాకు బియ్యం, రవికె గుడ్డ ఇచ్చి, కుండలు నెత్తిన పెట్టుకొని పోతరు. పెండ్లి పిల్లగాని తల్లి చూస్తుండంగ వాటిల్ల నీళ్లు పోస్తరు. ఆ నీళ్లు పోసినంకనే మా ఊర్ల పిల్ల పెండ్లిపీట ఎక్కేది.

చావుకైతే ఎవరూ మరువరు. చీకటితోనే వచ్చి తలుపు కొడతరు.

నా సారె రోడ్డు పక్కనే ఉంటది. సారె తిప్పుకుంటనే అన్నీ చూసిన. పందిరి ఇనుప గుంజలు వచ్చినయ్. కూలర్లు వచ్చినయ్. పెండ్లిపిల్ల మేనమామ కరుణాకర్ మస్కట్ నుంచి సెలవు పెట్టి వచ్చి పనంత మీదేసుకున్నడు. ఓ పొద్దు నా కాడనే ఆగి, మంచినీళ్లకని రెండు రంజన్లు కొన్నడు. అవి ఆటోల పెట్టేదాక ఫోన్ల లిస్టు చదువుకుంటనే ఉన్నడు. "డ్రోన్ అయింది. ఐస్‌క్రీం అయింది. మెహందీ అమ్మాయి అయింది." నేను చేతుల మట్టి కడుక్కోకుంట నిలబడ్డ, అడుగుతడేమోనని. ఆటో పోయింది.

దేవవ్వ, నా ఇంటిది, మర్నాడే మట్టి తడిపింది.

"ఎవరు చెప్పిండ్రే?" అన్న.

"ఎవరు చెప్పలే."

"చెప్పంది చేస్తే మనమే ఎగబడ్డట్టు."

"నీ మర్యాద ముహూర్తం చూసి ఆగుతది. మట్టి ఆరాలె, కాలాలె, అది ఆగుతదా? ఆఖరికి ఉరుక్కుంట వస్తరు. అప్పుడు చేతుల ఏం పెడ్తవ్, నీ మూతి ముడుపా?"

చేసిన. పెద్దయి రెండు, చిన్నయి మూడు. రంజన్లు కాల్చే వాములనే పెట్టి కాల్చిన. దేవవ్వ సున్నం పూసి, ఎర్ర జాజుతోని గీతలు పెట్టింది. మూలకు పెట్టి గోనెసంచి కప్పినం. దినం ఒక్కటి గడిచినకొద్ది దేవవ్వ ఆ సంచి దిక్కు చూసుడు తక్కువ చేసింది.

పెండ్లి పొద్దు తెల్ల అంగి ఏసుకున్న. దేవవ్వ లేవలే.

"కార్డు మీద నీ పేరే ఉంది. నువ్వే పో."

ముహూర్తం పదకొండు నలభైకి. నేను పోయేసరికి తొమ్మిదిన్నర అయింది. పందిరి కింద బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, ఐదు కుండలు పెట్టి ఉన్నయ్. బంగారు రంగు, అద్దాలు, కిందికి గజ్జెలు. చూసేందుకు బాగనే ఉన్నయ్. చెయ్యి ఊకోలే. వేలు మడిచి ఒక కుండను కొట్టిన.

మంచి కుండ కణ్ అంటది. ఇది అనలే.

ఒంచి చూసిన. అడుగున తూటు. బొటనవేలు పట్టేటంత. రెండోది చూసిన, దానికీ ఉంది. పూలచెట్లు పెట్టే కుండలు ఇవి. నీళ్లు నిలిచి వేర్లు మురగొద్దని కావాలనే పెడ్తరు.

మా దిక్కు కుండకు తూటు పడేది ఒక్క తాననే. కాష్టం కాడ. కొడుకు భుజం మీద నీళ్ల కుండ పెట్టుకొని తిరుగుతుంటే ఎనుక నుంచి పొడుస్తరు. పిల్లగాని తల్లి ముందల, పెండ్లి పందిట్ల, నీళ్లు అట్ల కారితే? నీళ్ల బిందె తెచ్చి గుంజ కాడ పెట్టనే పెట్టిండ్రు.

"కాకా, చెయ్యి పెట్టకు, రంగు పోతది." కరుణాకర్ వచ్చిండు.

"ఇవి ఎక్కడియి?"

"డెకరేషనోడు తెచ్చిండు. చూడు, లిస్టుల ఉంది. ఐరేని కుండలు ఐదు. ఒక్కటి మరువలే మేం."

నిజమే, ఉన్నయ్. కుండలు యాదికున్నయ్, కుమ్మరి యాదికి లేడు.

"అడుగు చూసినవా?"

"అడుగెవడు చూస్తడు? ఫోటోల అడుగు పడదు." నవ్విండు. "ఆర్డరు నీకియ్యలేదని మండుతుందా ఏంది? తిని పో కాకా. ఐస్‌క్రీం ఉంది, సల్లగైతది."

ఫోన్ మోగింది. ఎత్తి, గట్టిగ అందరికి వినవడేటట్టు చెప్పిండు. "పిల్లగానోళ్లు నిర్మల్ దాటిండ్రట! ఇంకో ముప్పావు గంట!" డప్పులోళ్లను తోలుకొని ఎదురుకోళ్లకని ఊరవతలికి పోయిండు.

నేను కుర్చీల కూసున్న. మాట్లాడకుంటే నాకేం పోదు. నీళ్లు కారుతయ్. కుమ్మరిని మరిచిండ్రు, గందుకే గిట్లయింది అని పది ఊర్లల్ల చెప్పుకుంటరు. ఆ మాట జర తియ్యగనే అనిపిచ్చింది. అబద్ధమెందుకు.

అప్పుడే కిటికీలకెల్లి పెండ్లిపిల్ల భవ్యశ్రీ తొంగిచూసింది. ఒంటినిండ పసుపు. చిన్నప్పుడు బడి ఇడిస్తే సీదా నా సారె కాడికే వస్తుండె. ఓ సారి నా చేతులకెల్లి మట్టి గుంజుకొని వంకరటింకర గురిగి చేస్తే, దాన్ని కాల్చి ఇచ్చిన.

"పెదబాపూ, తిన్నవా? పెద్దమ్మ ఏది?"

"వస్తది" అన్న. లేచిన.

పెండ్లిపిల్ల తల్లి వినోద వంటలోళ్లతోని కొట్లాడుతుంది.

"చెల్లె, జర ఇటు రా."

"అన్నా, పప్పుల ఉప్పులేదట. ఇప్పుడు కాదు."

"ఇప్పుడే."

నేను ఎక్కువ మాట్లాడనని ఊరికెరుక. వచ్చింది. బల్ల కాడ, అందరికి వీపు పెట్టి, కుండను ఒంచిన. వినోద తూట్ల వేలు పెట్టింది. వేలు ఇటు పక్కకు వచ్చింది. ఆ వేలునే చూసుకుంట నిలబడ్డది.

"పిండి ముద్ద పెడ్తే?" అన్నది మెల్లగ.

"నీళ్లకు ఎంతసేపు ఆగుతది?"

"నీ కాడ ఉన్నయా?"

లేవని చెప్పొచ్చు. "ఉన్నయ్" అన్న.

"నేను రాలే గద నీ ఇంటికి. ఎవరు చెప్పిండ్రు చెయ్యమని?"

"దేవవ్వ."

వినోద తల ఒంచుకున్నది. ఆమె కొడుకు పెండ్లి కరీంనగర్‌ల ఫంక్షన్ హాల్ల చేసినప్పుడు గూడ మేం కుండలు చేసి పెట్టుకొని ఎదురుచూసినం. అది ఆమెకు అప్పుడు యాదికొచ్చినట్టుంది.

"దొడ్డిదారిన తెస్త. ఎవరికీ తెల్వది. నువ్వు ఈ తూటు కుండలు దొడ్లె గుడిసెల ఏయించు" అని చెప్పి ఇంటికి ఉరికిన. ఈ వయసుల ఉరుకుడు అంటే ఏముంటది, నడకే.

గోనెసంచి తీసేసరికి దేవవ్వ కడప మీద కూసున్నది. అడ్డంగ.

"ఎటు?"

పప్పుల ఉప్పు కాడికెల్లి అంత చెప్పిన. తూటు మాట వినంగనే నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. గనీ లేవలే.

"ఏ దారిన పోతవ్?"

"దొడ్డిదారిన. టైం లేదే, లెవ్."

"దొంగసొమ్ము లెక్కనా? నా కుండలు దొడ్డిదారిన పోవు."

"పిల్ల పెండ్లే!"

"పిల్ల మీద నాకేం కోపం? పిల్ల తల్లిని రమ్మను."

"పిల్లగానోళ్లు దగ్గరికొచ్చిండ్రే, ఆమె ఎట్లస్తది?"

"పప్పుల ఉప్పుకు పోయే తీరిక ఉంది గద."

ముప్పై ఏండ్ల కాపురం. ఆమె అట్ల కూసుంటే నేను దాటలేనని నాకెరుక. ఊరవతల పటాకలు పేలినయ్. బండ్లు వచ్చినట్టుంది. నెత్తిన కుండ, చేతుల కుండ, కడప అవతల రోడ్డు. నిలబడ్డ.

రోడ్డు మీద ఎవరో వస్తుండ్రు. పట్టుచీర. వినోద. కాళ్లకు చెప్పులు లేవు, డాంబరు మండుతుంది, వేళ్ల మీద నడుసుకుంట వస్తుంది. చేతుల పళ్లెం. పళ్లెంల బియ్యం, పసుపు, కుంకుమ, జరీ రవికె గుడ్డ. ఆ గుడ్డ వియ్యపురాలికని కొన్నది. మొన్న ఇంటింటికి చూపిచ్చింది, నేనూ చూసిన.

వచ్చి దేవవ్వ ముందల నిలబడ్డది.

"డప్పేది?" అన్నది దేవవ్వ.

"ఎదురుకోళ్లకు పోయింది వదినె. నేనొక్కదాన్నే వచ్చిన. తిట్టేదుంటే రేపు తిట్టు. ఇయ్యాల బొట్టు పెట్టనియ్యి."

దేవవ్వ ఆమె కాళ్ల దిక్కు చూసింది. లేచి, చెంబుతోని నీళ్లు తెచ్చి ఆ కాళ్ల మీద పోసింది. కడప మీదికెల్లి జరిగింది.

కుండలకు బొట్లు పెట్టిండ్రు. పెద్ద కుండ, దాని మీద చిన్నది, వినోద నెత్తిన. అట్లనే దేవవ్వ నెత్తిన. మిగిలిన చిన్నది నా చేతుల. దొడ్డిదారి మాట ఎవరూ తియ్యలే. నడి ఊర్లె రోడ్డునే పోయినం.

చౌరస్తా కాడ ఎదురువడ్డరు. ముందల డప్పులు, ఎనుక పూలు కట్టిన కారు, దాని ఎనుక పిల్లగానోళ్ల భైంసా బస్సు. దారి సన్నది. వినోద ఆగింది. మెడ కదిలియ్యకుంట, "అన్నా, పక్కకు జరుగుదమా?" అన్నది. కుండలు కిందికి దించేదందుకు లేదు, ఎనుకకు మళ్లేదందుకు లేదు. కరుణాకర్ కారు ముందలికెల్లి చేతులు ఊపవట్టిండు. "అక్కా, నువ్వేంది ఈడ? పక్కకు! పక్కకు!"

డప్పులల్ల ముందున్న ముసలాయన కుండలను చూసిండు. దెబ్బ ఆపిండు. ఇంకెవర్ని అడుగలే. మర్లి, మాకు వీపు పెట్టి, మా ముందల నిలబడి దెబ్బ మార్చిండు. ఐరేండ్ల దెబ్బ, ఐరేని కుండలు తెచ్చేటప్పుడు కొట్టేది. మిగిలినోళ్లూ మర్లిండ్రు. పిల్లగాని కారు డప్పు లేకుంట ఒక్కటే మిగిలింది.

కారు తలుపు తెరిచి పిల్లగాని తల్లి దిగింది. లావుపాటి మనిషి. కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. వినోద మెడల నరం కొట్టుకునుడు నాకు కనవడుతుంది.

"ఓ డ్రైవరూ, బండి పక్కకు తియ్యి. ఐరేండ్లకు ఎదురు పోతరా ఎవరన్న?" అన్నది పిల్లగాని తల్లి. కొంగు నెత్తిన కప్పుకొని వచ్చి దేవవ్వ పక్కన నడిచింది. "నా నెత్తిన ఒకటి పెట్టు అక్కా" అంటే, దేవవ్వ "నీ కుండలు నీ ఇంటికాడ ఎత్తుకోలేదా?" అన్నది. ఇద్దరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. ఇంక నీళ్లు పోసేది ఉంది.

పందిట్ల బల్ల ఖాళీ ఉంది. ఎర్రగుడ్డ మీద ఐదు కుండలు పెట్టిండ్రు. నేను వాము చూసుకుంటనే కాల్చిన, అయినా రంజన్ల నడుమ కాలినయ్. యాడన్న వెంట్రుకంత పర్రె పలిగి ఉంటే? ఇన్ని దినాలు మూలకు పెట్టినం, ఒక్కసారన్న నీళ్లు పోసి చూడలే. పిలువనప్పుడు చూసుడెందుకు అనుకున్న. అది నా తప్పే.

భవ్యశ్రీని తెచ్చి నిలబెట్టిండ్రు. వినోద బిందె ఎత్తింది. అందరు పిల్ల మొఖం చూస్తుండ్రు, డ్రోన్ పైకెల్లి చూస్తుంది. కరుణాకర్ ఒక్కడు నా పక్కకు వచ్చి, నా లెక్కనే ఒంగి, బల్ల కిందికి చూడవట్టిండు.

ఐదు కుండలల్ల నీళ్లు నిండినయ్.

ఎర్రగుడ్డ మీద చెయ్యి పెట్టిన. పొడిగ ఉంది.