మూడు ప్రశ్నల సంఘం

అద్దం అంచు ఇంకా కొంచెం అరగాలి. అతను దాన్ని సానరాయి మీంచి తీసి, బొటనవేలితో చుట్టూ తడిమి, మళ్లీ రాయికి ఆనించాడు. నీళ్లు బొట్టు బొట్టుగా పడుతుంటే రాయి సన్నగా కూసింది. తెల్లటి పిండి వేళ్ల సందుల్లో పేరుకుంది. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా పేరుకుంటూనే ఉంది. ఎంత తోమినా గోళ్ల కింద కాస్త మిగిలిపోతుంది. అద్దాన్ని ఫ్రేములోకి ఒత్తి, వెలుతురుకెత్తి చూశాడు. ఎవరికో దూరం ఆనదు. ఎవరైతేనేం, సాయంత్రం నుంచి వాళ్లకు బస్సు మీది అంకెలు కనిపిస్తాయి.

కళ్లజోళ్ల దుకాణంలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. యజమాని "కార్యదర్శిగారూ" అంటాడు. అందులో సగం మర్యాద, సగం వెక్కిరింత. అతను ఇరవై రెండేళ్లుగా విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థుల సంఘం ప్రాంతీయ శాఖకు కార్యదర్శి. జీతం లేదు, ఆఫీసు లేదు, బీరువా మాత్రం ఉంది, అది వాళ్లింట్లోనే ఉంది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అంటుంది భార్య, ఆ బీరువాకి దారిచ్చి పక్కకు తప్పుకున్నప్పుడల్లా. పల్లకీ అనడం అన్యాయం. దాన్ని మోసేవాళ్లు కూడా ఇద్దరే మిగిలారు, అతనూ, అధ్యక్షుడైన మాస్టారూ.

ఒకప్పుడు నలభైమంది ఉండేవాళ్లు. ఈ ప్రాంతం నుంచి అంత దూరం చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు హాస్టల్లో గది చూసిపెట్టడం, పాత పుస్తకాలు చేరవెయ్యడం, చదువు అయ్యాక ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇవ్వడం, పరిచయ ఉత్తరాలు రాయడం, ఇవే సంఘం పనులు. అలా పైకొచ్చినవాళ్లు ఏరు దాటి తెప్ప తగలేశారని మాస్టారంటారు. తగలెయ్యలేదండీ, తీరిక లేదంతే అని అతను సర్దిచెబుతాడు. పోయిన నెలలో అలా పైకొచ్చిన ఆఫీసరొకడు దుకాణానికి వచ్చాడు. అతనికేసి సూటిగా చూసి, "ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. "అరగంటండీ" అన్నాడు అతను. ఆ అరగంటా ఆఫీసరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు, అతను అద్దాలు అరగదీస్తూ నిలబడ్డాడు. నేనే మీకు మొదటి ఉత్తరం రాసిచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

ఇవాళ మాత్రం అతని మనసు రాయి మీద లేదు. యూనివర్సిటీ ప్రయోగశాలలో ఏటా ఒక్కో ప్రాంతీయ శాఖకు ఒక్కో శిక్షణ ఉద్యోగం కేటాయిస్తారు. శాఖ బతికే ఉందని రుజువుగా కార్యవర్గంలో ఇద్దరు సంతకం చెయ్యాలి. కోశాధికారి పోయి రెండేళ్లయినా కాగితాల మీద ఆయన పేరు అలాగే ఉంది, తియ్యాలంటే సమావేశం జరగాలి, సమావేశానికి అయిదుగురు రావాలి. కాబట్టి మాస్టారూ, తనూ. సంతకాలయ్యాక కాగితం ఫోనులో ఫొటో తీసి పంపాలి, గడువు ఇవాళ సాయంత్రం అయిదు. ఉద్యోగం అడుగుతున్న అమ్మాయి రసాయనశాస్త్రం చదివి, సబ్బుల ఫ్యాక్టరీలో సబ్బులకు కాగితాలు చుడుతోంది. వచ్చే నెలతో వయోపరిమితి దాటిపోతుంది. ఇక ఆ తలుపు ఆమెకు తెరుచుకోదు.

నిజానికి ఆ పని నిన్ననే అయిపోవాల్సింది. దరఖాస్తు పట్టుకుని నిన్న మాస్టారింటికి వెళ్లాడు. ఆయన నాలుగు నెలలుగా మంచం మీదే. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడదీసుకుంటున్నారు.

"ఇటివ్వవయ్యా, సంతకం పడేస్తాను."

"కూర్చోబెట్టకుండానా, మాస్టారూ?"

కూర్చోబెట్టడం అంటే ఆ సంఘానికి పెద్ద పద్ధతి. బల్లకు అవతల ఇద్దరు పెద్దలు, ఇవతల ఒక పిల్ల. మూడు ప్రశ్నలు. ఏం చదివావు? ఏం రాదు? నీ తరవాత వచ్చేవాళ్లకి ఏం చేస్తావు? జవాబు ఎంతసేపు పట్టినా పెద్దలు గడియారం చూడకూడదు. అది అయ్యాకే సంతకం. మాస్టారే పెట్టిన నియమం. ఆయన ఎప్పుడైనా మరిచిపోయినా కార్యదర్శి మరిచిపోడు. ఎందుకంటే ఆ కుర్చీలో మొట్టమొదట కూర్చున్నవాడు అతనే. థర్డ్ క్లాసులో గట్టెక్కిన డిగ్రీ పట్టుకుని ముప్ఫై రెండేళ్ల కిందట ఉత్తరం కోసం వెళ్తే, మాస్టారు గంటసేపు విన్నారు. ఆ ఉత్తరం వల్ల ఉద్యోగం రాలేదు. అప్పటిదాకా అతన్ని ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినవాళ్లు మాత్రం ఇంట్లో గాని బయట గాని లేరు. ఆ గంట అతను బతుకంతా దాచుకున్నాడు.

మాస్టారు నిన్న అతన్ని కాసేపు చూసి నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది.

"నా పద్ధతి నాకే చెబుతున్నావా? సరే. రేపు మూడింటికి తీసుకురా పిల్లని."

రెండున్నరకి అతను చేతులు కడుక్కున్నాడు. "మళ్లీ దేశసేవా?" అన్నాడు యజమాని తలెత్తకుండానే. అతను నవ్వేసి మెట్లు దిగాడు.

అమ్మాయి బస్టాపులో అప్పటికే నిలబడి ఉంది. దగ్గరకు వెళితే సబ్బు వాసన. సోడా పొడికి వేళ్ల కొసలు చిట్లిపోయాయి, ఆ వేళ్లు కనబడకుండా ఫైలు కింద దాచుకుంది. నడుస్తూ అడిగింది.

"ఏం రాదు అని అడిగితే ఏం చెప్పాలి సార్?"

"రానిదే చెప్పు."

"చాలా ఉన్నాయండి."

"అయితే ఒకటి చెప్పు. మిగతావి ఉద్యోగం వచ్చాక చెబుదువుగాని."

ఆమె నవ్వింది. వారం రోజుల్లో ఆమె నవ్వడం చూడటం అదే మొదటిసారి, అతనికి గాల్లో తేలినట్టనిపించింది.

మాస్టారి కోడలు తలుపు తీసింది. "పొద్దుటి నుంచి కునుకు లేదు బాబాయ్‌గారూ, ఇప్పుడే కన్నంటుకుంది. పది నిమిషాలు కూర్చోండి."

అతను ముందుగదిలో బల్ల జరిపాడు. అవతల రెండు కుర్చీలు, ఇవతల ఒకటి వేశాడు. అమ్మాయిని ఇవతల కూర్చోమని తను అవతల కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. దరఖాస్తు బల్ల మీద పరిచి, తన సంతకం తను పెట్టాడు. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. కోడలు వంటగదిలో గిన్నెలు సర్దుతోంది. మూడున్నర అయింది. అమ్మాయి గోడ గడియారం చూసి, చూసినందుకు సిగ్గుపడి తల దించుకుంది. లేపుదామా అనుకున్నాడు. పెద్దాయన నిద్రపోతుంటే లేపడమేమిటి, పది నిమిషాలకు కొంపలు మునిగిపోవులే అనుకున్నాడు.

నాలుగింటికి కోడలే లోపలికి వెళ్లింది. కేక వినిపించలేదు. గుమ్మంలోకి వచ్చి, అటక మీంచి ఏదో దించమని పిలిచినట్టు, "బాబాయ్‌గారూ, ఒకసారి ఇలా రండి" అంది.

మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది, నాడి లేదు. ఆ వెచ్చదనమే అతన్ని కాల్చేసింది. మూడింటికి లేపి ఉంటే లేచేవారేమో. నిన్న కాగితం ఇచ్చి ఉంటే అసలు ఈ గొడవే లేదు. ఎవరడిగారు తనని పద్ధతి? తనకు తనమీదే అసహ్యం వేసింది.

బయటికొచ్చేసరికి అమ్మాయి లేచి నిలబడి ఉంది. ఆమెకు తెలిసిపోయింది. కళ్లు తుడుచుకుంది. బల్ల మీది దరఖాస్తుకేసి చూసింది. తరవాత గొంతు బాగా తగ్గించి అంది.

"సార్, తప్పుగా అనుకోకండి. నిన్నటి తేదీ వేసి మీరే పెట్టెయ్యండి. ఆయన పెడతానన్నారని మీరే చెప్పారు కదండీ."

ఆ సంతకం అతనికి కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని పెట్టగలడు. కలం తీశాడు. ఖాళీ గీత మీద ఆనించాడు. ఒక చుక్క సిరా దిగింది. చెయ్యి అంతకుమించి కదల్లేదు.

"నా వల్ల కాదమ్మా."

"మీకేం పోతుందండీ?"

ఏమీ పోదు. దాన్ని నిజాయితీ అంటే అతనే ఒప్పుకోడు. భయం, అంతే. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పని పని ఒక్కటీ చేసి ఎరగడు. ఇప్పుడు చెప్పేవారు లోపల గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆమె కాసేపు అతని చేతికేసి చూసింది. కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

"ఆరింటికి షిఫ్టు ఉందండి, వెళ్తాను" అని లోపలిగది వైపు ఒక నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆమెను ఎవరూ అడగలేదు.

ఇక సంఘం లేదు. ఒక్కడితో సంఘమేమిటి? రేపు యజమాని కార్యదర్శిగారూ అని పిలిస్తే పలకాలో వద్దో కూడా అతనికి తోచలేదు. కుర్చీలు ఎక్కడివక్కడ సర్దేసి మంచం దగ్గరికి వెళ్లాడు. కోడలు భర్తకు ఫోను చేసి చెప్పి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

"పొద్దుటి నుంచీ ఒకటే గొడవ బాబాయ్‌గారూ. పిల్ల వస్తోంది, చొక్కా ఇస్త్రీ చెయ్యమ్మా అని. మంచంమీద ఎవరు చూస్తారు మావయ్యా అంటే, మంచంమీద కాదు, కుర్చీలో కూర్చుంటాను, లేకపోతే కార్యదర్శి ఒప్పుకోడు అన్నారు."

తలుపు వెనక కొక్కేనికి తెల్లచొక్కా వేలాడుతోంది, జారిపోకుండా పై గుండీ పెట్టి ఉంది, చేతుల మడతలు ఎక్కడా నలగలేదు.